సూయజ్ లెసెప్స్: తొంభై తొమ్మిదేళ్ళ కౌలు కథ

1956 వేసవిలో మా యానాం అగ్రహారంలో ఉన్న మనిషి ఏ దేశస్థుడని ఎవరైనా అడిగి ఉంటే సూటిగా జవాబు చెప్పడం కష్టమయ్యేది. 1954 జూన్ 13న ఇక్కడ ఫ్రెంచి జెండా దిగింది. అదే ఏడు నవంబర్ 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న ఢిల్లీలో అప్పగింత ఒప్పందం మీద సంతకాలూ అయ్యాయి. అయినా ఆ ఒప్పందాన్ని ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదించి, పత్రాలు మార్చుకునేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. అంటే ఎనిమిదేళ్ళకు దగ్గరగా మనల్ని పాలించింది ఒక ప్రభుత్వం, కాగితం మీద మన మీద హక్కు ఉన్నది ఇంకో ప్రభుత్వానికి.

ఢిల్లీలో ఆ సంతకాలు జరిగిన రెండు నెలలకు, జూలై 26 రాత్రి, ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ అలెగ్జాండ్రియా నగరంలో జనం ముందు నిలబడి ప్రసంగించాడు. రేడియోలో దేశమంతా వింటోంది. ఆ ప్రసంగంలో ఒక ఫ్రెంచి మనిషి పేరు పదే పదే వచ్చింది. చచ్చి అరవై ఏళ్ళు దాటినవాణ్ణి ఇన్నిసార్లు ఎందుకు తలుస్తున్నాడా అని వినేవాళ్ళు విస్తుపోయే ఉంటారు. అసలు సంగతేమిటంటే ఆ పేరు ఒక సంకేతం. రేడియో పక్కన చెవులు రిక్కించుకుని కూర్చున్న నాసర్ మనుషులు, ఆ పేరు వినపడగానే ఇస్మాయిలియా, పోర్ట్ సయ్యద్, సూయజ్ ఊళ్ళలో ఉన్న కాలువ కంపెనీ ఆఫీసుల్లోకి వెళ్ళి వాటిని స్వాధీనం చేసుకున్నారు. ప్రసంగం పూర్తయ్యేసరికి సూయజ్ కాలువ ఈజిప్టు ప్రభుత్వానిది. ఆ పేరు ఫెర్డినాండ్ ద లెసెప్స్.

ఆ నవంబర్‌లో కాలువను తిరిగి లాక్కోవడానికి బ్రిటిష్ సైన్యంతో పాటు ఫ్రెంచి సైన్యమూ ఈజిప్టులో దిగింది. పోర్ట్ ఫువాద్‌లో దిగిన ఫ్రెంచి సిపాయి, అగ్రహారంలో పొద్దున్నే పాలు పితుకుతున్న మనిషి, ఇద్దరూ చట్టం లెక్కన ఇంకా ఒకే దొరతనం కిందివాళ్ళు. అటు ఢిల్లీలో నెహ్రూ ఆ దాడిని తప్పుపట్టాడు. మన ఊరు ఏ పక్కన ఉన్నట్టు? ఈ చిక్కు ప్రశ్న వల్లనే లెసెప్స్ కథ నాకు పరాయి కథగా అనిపించదు.

ఆయన 1805 నవంబర్ 19న వెర్సాయ్‌లో పుట్టాడు. ఇంటి నిండా రాయబారులే. తండ్రి మాథ్యూ ఈజిప్టులో ఫ్రెంచి కాన్సల్‌గా పనిచేసి, అక్కడ అధికారంలోకి వస్తున్న ముహమ్మద్ అలీతో స్నేహం కలుపుకున్న మనిషి. కొడుకు కూడా ఇరవై ఏళ్ళకే అదే కొలువులో చేరి, లిస్బన్, ట్యూనిస్ తిరిగి, 1832లో అలెగ్జాండ్రియాకు వైస్ కాన్సల్‌గా వచ్చాడు.

రాగానే ఓడ దిగనివ్వలేదు. ప్రయాణంలో ఒకరు చనిపోయారు, కలరా అనుమానం, అందరికీ క్వారంటైన్. కోవిడ్ రోజుల్లో మనమూ ఆ మాట బాగానే నేర్చుకున్నాం కదా. పొద్దుపోక కూర్చున్న కుర్రవాడికి పై అధికారి కొన్ని పుస్తకాలు పంపాడు. వాటిలో ఒకటి, నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు వెళ్ళినప్పుడు ఆయన ఇంజనీరు లెపేర్ మధ్యధరా సముద్రాన్నీ ఎర్ర సముద్రాన్నీ కలిపే కాలువ గురించి రాసిన నివేదిక. ఎర్ర సముద్రం మట్టం దాదాపు పది మీటర్లు ఎత్తున ఉందని అందులో లెక్క. ఆ లెక్క తప్పని 1847లో జరిగిన సర్వేలో తేలింది. రెండు సముద్రాల మట్టమూ ఇంచుమించు ఒకటే. అంటే తలుపులూ లాకులూ ఏమీ లేకుండా నేరుగా తవ్వుకుంటూ పోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, కథ చివర్లో ఇదే ఆయన కొంప ముంచుతుంది.

అలెగ్జాండ్రియాలో ఉండగా ముహమ్మద్ అలీ కొడుకు సయ్యద్‌తో ఆయనకు పరిచయమైంది. ఆ పిల్లవాడు బొద్దుగా ఉండేవాడు. తండ్రికి అది నామోషీ. కొడుకు బరువు తూయించేవాడు, ఓడ స్తంభాలెక్కించేవాడు, కడుపుకు తిండి సరిగా పెట్టనిచ్చేవాడు కాదు. ఆకలేసిన పిల్లవాడు లెసెప్స్ ఇంటికి వస్తే అక్కడ మాకరోనీ కడుపునిండా దొరికేది. ఈ కథకు కొంత మసాలా చేరి ఉండవచ్చు గానీ, ఇద్దరి స్నేహం మాత్రం నిజం. ప్రపంచ వాణిజ్యాన్ని మార్చిన ఒప్పందానికి తొలి పెట్టుబడి ఒక గిన్నెడు మాకరోనీ అని ఈజిప్టులో ఎవరైనా వేళాకోళం చేస్తే తప్పుపట్టలేం.

తర్వాత బార్సిలోనా, మాడ్రిడ్, రోమ్. 1849లో రోమ్‌కు దూతగా పంపిన సొంత ప్రభుత్వమే ఆయన చేసుకొచ్చిన ఒడంబడిక మాకు వద్దంది. కొలువు వదులుకున్నాడు. 1853లో భార్య అగాథ్, ఒక కొడుకు కొద్ది రోజుల తేడాతో పోయారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఉద్యోగం లేక, ఇల్లు చిన్నబోయి, అత్తగారి తరఫు పొలంలో పాత బంగళాకు మరమ్మతులు చేయించుకుంటూ ఉండగా, 1854లో కబురొచ్చింది. ఈజిప్టు పాలకుడు అబ్బాస్ చనిపోయాడు, గద్దె మీద కూర్చున్నది సయ్యద్.

నవంబర్ 7న లెసెప్స్ అలెగ్జాండ్రియాలో దిగాడు. సయ్యద్ సైన్యంతో ఎడారి దారిన కైరో వెళ్తూ స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళాడు. దారిలో 15వ తేదీ పొద్దున ఆకాశంలో ఇంద్రధనుస్సు కనపడిందనీ, అది శుభశకునమనుకుని లెసెప్స్ తన గుర్రాన్ని రాతిగోడ మీదుగా దూకించి సేనాపతుల మెప్పు పొందాడనీ, ఆ సాయంత్రమే కాలువ మాట కదిపాడనీ ఆయనే తర్వాత రాసుకున్నాడు. నవంబర్ 30న అనుమతి పత్రం చేతికొచ్చింది. ఇంజనీరింగ్ చదవని మనిషికి ప్రపంచంలోకెల్లా పెద్ద కాలువ కట్టే హక్కు! అప్పటికే ఏళ్ళ తరబడి పటాలు గీసుకుని కూర్చున్న అసలు ఇంజనీర్లు పళ్ళు కొరుక్కున్నారు.

రెండో పత్రం 1856 జనవరి 5న వచ్చింది. అసలు కథ అందులో ఉంది. కాలువ తెరిచిన రోజు నుంచి తొంభై తొమ్మిదేళ్ళు కంపెనీకి కౌలు. లాభంలో 15 శాతం ఈజిప్టు ప్రభుత్వానికి, 10 శాతం వ్యవస్థాపకులకు, 75 శాతం వాటాదార్లకు. అన్ని దేశాల ఓడలకూ ఒకే రేటు, ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. కౌలు గడువు తీరాక కాలువ ఈజిప్టుకు దఖలు. భూమి ఇచ్చినవాడికి అన్యాయం ఎక్కడా కనపడదు. మన డెల్టాలో కౌలు కాగితాలు చదివే అలవాటున్నవాళ్ళకు మాత్రం అనుమానం రావాలి. మధ్యలో అప్పు పడితే ఏమవుతుంది?

లెసెప్స్ నమ్మకం ఏమిటంటే, ఇది ఏ ప్రభుత్వానిదీ కాకుండా అందరిదీ అయిన కంపెనీ. పేరులోనే ప్రపంచానికంతటికీ చెందిన సముద్ర కాలువ కంపెనీ అని పెట్టుకున్నాడు. వాటాలు అన్ని దేశాల జనానికీ అమ్ముతాడు. అందరూ యజమానులైతే ఏ ఒక్క దొరతనమూ పెత్తనం చెయ్యలేదని ఆయన లెక్క.

ప్రభుత్వాల లెక్క వేరుగా ఉంది. బ్రిటన్‌కు భారతదేశం దారి అంటే ప్రాణం. ప్రధాని పామర్‌స్టన్ ఈ కాలువను మొదటినుంచీ అడ్డుకున్నాడు. దాంతో ఫ్రాన్సు ఈజిప్టులో పాగా వేస్తుందని భయం. అలెగ్జాండ్రియా నుంచి కైరోకు రైలు వేసిన స్టీఫెన్‌సన్ పార్లమెంటులో లేచి ఈ కాలువ పనికిరాదన్నాడు. ఈజిప్టుకు పైన టర్కీ సుల్తాన్ ఉన్నాడు, ఆయన ముద్ర లేకుండా పని చెల్లదు. ఇస్తాంబుల్‌లోని బ్రిటిష్ రాయబారి ఆ ముద్ర పడకుండా ఏళ్ళ తరబడి చూశాడు.

లెసెప్స్ ఆగలేదు. 1858 నవంబర్‌లో వాటాలు అమ్మకానికి పెట్టాడు. మొత్తం 4,00,000 వాటాలు, ఒక్కొక్కటి 500 ఫ్రాంకులు. ఫ్రాన్సులో చిన్నచిన్న ఉద్యోగులు, దుకాణదార్లు, పింఛన్‌దార్లు రెండు లక్షల పైచిలుకు కొన్నారు. బ్రిటన్, ఆస్ట్రియా, రష్యా, అమెరికాల కోసం ఉంచినవి అలాగే మిగిలిపోయాయి. వాటన్నిటినీ లెసెప్స్ స్నేహితుడి ఖాతాలో రాసేశాడు. అలా సయ్యద్ నెత్తిన పడినవి ఒక లక్షా డెబ్బై ఏడు వేల వాటాలు. చేతిలో డబ్బు లేదు, అప్పు తెచ్చి కట్టాడు. స్నేహానికి మొహమాటపడి హామీ సంతకం పెట్టిన మనిషి ఎలా ములుగుతాడో మనలో చాలామందికి తెలిసిన సంగతే.

1859 ఏప్రిల్ 25న పోర్ట్ సయ్యద్ దగ్గర ఇసుకలో మొదటి గునపం దిగింది.

తవ్వింది ఎవరు? ఈజిప్టు రైతులు. నెలకు ఇరవై వేల మందిని ఊళ్ళ నుంచి తోలుకొచ్చేవారు. పనిలో ఇరవై వేలు, వచ్చే దారిలో ఇరవై వేలు, ఇళ్ళకు పోయే దారిలో ఇరవై వేలు. విత్తులు వేసే కాలమైనా, కోతల కాలమైనా అరవై వేల జతల చేతులు పొలంలో ఉండవు. కూలి పేరుకు ఇచ్చారు, రోజుకు రెండున్నర నుంచి మూడు పియాస్టర్లు. కానీ రానన్నవాణ్ణి వదిలే ప్రశ్న లేదు. దీన్ని మన భాషలో వెట్టి అంటాం. మొదట్లో మంచినీళ్ళు కూడా ఒంటెల మీద రావాలి. నైలు నది నుంచి తీపినీటి కాలువ వచ్చాకనే ఎడారిలో ఊపిరాడింది. చనిపోయినవారు ఒక లక్షా ఇరవై వేలని నాసర్ 1956 నాటి ప్రసంగంలో చెప్పాడు. ఆ అంకెను చరిత్రకారులు ఒప్పుకోరు, అసలు అంకె అంతకన్నా చాలా తక్కువని వాళ్ళ అంచనా. ఎంత తక్కువైనా, ఆ పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఈ వెట్టిని ఆపాలని గట్టిగా అరిచింది బ్రిటన్. దయతో మాత్రమే అరిచిందనుకోలేం. బ్రిటిష్ ఇంజనీర్లు వేసిన రైలు మార్గానికి ఇదే వెట్టి వాడినప్పుడు ఆ గొంతు లేవలేదు. అయినా అరుపులో న్యాయం ఉంది, దాని వెనక స్వార్థమూ ఉంది. దొరతనాలు ధర్మం మాట్లాడినప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి.

1863లో సయ్యద్ పోయి, అతని అన్నకొడుకు ఇస్మాయిల్ గద్దెనెక్కాడు. వెట్టి ఆపుతానన్నాడు, కంపెనీకి ఇచ్చిన భూములు వెనక్కి అడిగాడు. తగవు తీర్చమని ఇద్దరూ ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ దగ్గరకు వెళ్ళారు. చక్రవర్తి భార్య యూజీనీ లెసెప్స్‌కు తల్లివైపు చుట్టం. పంచాయతీ పెద్ద ఇంట్లోనే ఒక పక్షం చుట్టరికం కలిపి ఉంటే తీర్పు ఎటు మొగ్గుతుందో ఊహించడానికి చదువు అక్కర్లేదు. 1864 జూలైలో తీర్పు వచ్చింది. వెట్టి ఆపినందుకు 3 కోట్ల 80 లక్షలు, భూములకు 3 కోట్లు, తీపినీటి కాలువకు కోటీ 60 లక్షలు, మొత్తం 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు ఈజిప్టు కంపెనీకి కట్టాలి. తన మనుషులను తన పొలాలకు తిరిగి తెచ్చుకోవడానికి ఒక దేశం ఒక కంపెనీకి పరిహారం కట్టింది.

ఆ డబ్బుతో లెసెప్స్ ఆవిరి డ్రెడ్జర్లు దింపాడు. మనుషులు బుట్టలతో మోసిన పని యంత్రాలు అందుకున్నాయి. మొత్తం ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల మట్టిలో ఎక్కువ భాగం చివరి నాలుగైదేళ్ళలో యంత్రాలు తీసిందే. ఇది చదువుతుంటే నాకు వెట్టి ఆగింది కాబట్టే యంత్రం వచ్చిందనిపిస్తుంది. ఊరకే మనుషులు దొరికినంతకాలం యంత్రం ఎవరికి కావాలి? 1866 మార్చి 19న సుల్తాన్ ముద్ర కూడా పడింది.

1869 నవంబర్ 17న కాలువ తెరిచారు. యూజీనీ ఎక్కిన ఓడ ముందు, వెనక రాజుల ఓడలు, పక్కన ఎడారి. 164 కిలోమీటర్లు, ఎనిమిది మీటర్ల లోతు, లాకు ఒక్కటీ లేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి లండన్ నుంచి బొంబాయికి 19,800 కిలోమీటర్ల దారి 11,600కు తగ్గింది. ఇస్మాయిల్ చేసిన పెళ్ళి హడావుడి లాంటి వేడుకకు అయిన ఖర్చు ఈజిప్టు అప్పుల పద్దులోకి చేరింది.

ఎనిమిది రోజులకు, అరవై నాలుగేళ్ళ వయసులో, లెసెప్స్ రెండో పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురికి ఇరవై ఒకటి. పేరు లూయీజ్ ఎలెన్ ఓతార్ ద బ్రాగార్, పుట్టింది మారిషస్‌లో, అక్కడి పాత ఫ్రెంచి కుటుంబం. ఆ పేరు తగిలినప్పుడు నేను కాసేపు ఆగాను. ఆ అమ్మాయి పుట్టిన రోజుల్లోనే మన గోదావరి తీరం నుంచి, కోరంగి రేవు నుంచి, తెలుగు కూలీలు ఆ దీవిలోని చెరకు తోటలకు చేరుతున్నారు. ఈ దంపతులకు పన్నెండు మంది పిల్లలు పుట్టారు. ఫ్రాన్సులో ఆయన ముచ్చటైన ముసలాయన అయిపోయాడు.

మన తీరంలో మాత్రం కాలువ తెరిచిన కబురు అందరికీ మంచిది కాలేదు. తెరచాప ఓడలకు ఎర్ర సముద్రంలో గాలి అనుకూలించదు. సూయజ్ దారి ఆవిరి ఓడల దారి. 1839 తుఫానుతో, ఒండ్రు మేటలతో అప్పటికే కుదేలైన కోరంగికి, అక్కడ ఓడలు కట్టే వడ్రంగులకు, రాబోయే కాలంలో చోటు లేదు.

కాలువ అనుకున్నంత వేగంగా డబ్బు తేలేదు. తొలి ఏళ్ళలో ఓడలు పలచన, వాటా ధర పడిపోయింది. లెసెప్స్ తట్టుకున్నాడు. తట్టుకోలేనివాడు ఇస్మాయిల్. రైళ్ళు, రాజభవనాలు, నాటకశాల, పత్తి ధర పడిపోవడం, అప్పు మీద అప్పు. బాకీ తొమ్మిది కోట్ల పౌండ్లు దాటిపోతోంది. 1875 నవంబర్‌లో అతను తన 1,76,602 వాటాలను అమ్మడానికి ప్యారిస్ బ్యాంకులతో గుట్టుగా బేరాలు మొదలుపెట్టాడు.

ఆ గుట్టు లండన్‌లో ఒక పత్రికా సంపాదకుడి చెవిన పడింది, ఆయన ప్రభుత్వానికి చేరవేశాడు. ప్రధాని డిజ్రేలీ క్షణం ఆగలేదు. పార్లమెంటు సమావేశాల్లో లేదు, ఖజానా నుంచి తీయడానికి అనుమతి లేదు. రోత్స్‌చైల్డ్ దగ్గర అప్పు తీసుకున్నాడు. రెండున్నర శాతం కమీషన్. ఫ్రాన్సు అంతకు నాలుగేళ్ళ ముందే జర్మన్ల చేతిలో ఓడి ఉంది, బ్రిటన్ స్నేహం అవసరం, కిమ్మనలేదు. నవంబర్ 25న సంతకాలు. ధర 39,76,582 పౌండ్లు. ఏ కాలువనైతే తవ్వకూడదని పామర్‌స్టన్ కాలంలో అడ్డుపడ్డారో, ఆ కాలువలో 44 శాతం ఇప్పుడు బ్రిటిష్ ప్రభుత్వానిది.

ఇందులో అన్నిటికన్నా బాధ పెట్టే వివరం ఇంకొకటుంది. ఇస్మాయిల్ ఆ వాటాల మీద 1894 వరకు వచ్చే లాభాలను ముందే ఇంకో అప్పుకు కుదువ పెట్టేశాడు. కాబట్టి కొన్న బ్రిటన్‌కు ఆ పందొమ్మిదేళ్ళూ లాభం రాదు. దానికి బదులుగా ఏటా ఐదు శాతం వడ్డీ ఈజిప్టు కట్టాలన్నారు, ఇస్మాయిల్ ఒప్పుకున్నాడు. గేదెను అమ్మేసి, దాని పాలు ముందే ఇంకొకరికి రాసిచ్చినందుకు కొన్నవాడికి ఏటేటా ఎదురు డబ్బు కట్టినట్టు. 1880లో మిగిలిన ఆ 15 శాతం లాభపు హక్కు కూడా 2 కోట్ల 20 లక్షల ఫ్రాంకులకు ఒక ఫ్రెంచి బ్యాంకుకు పోయింది. కాలువ తెరిచి పదకొండేళ్ళు. నేల తనది, చెమట తనది, నైలు నీళ్ళు తనవి. తన గడ్డ మీది కాలువ లాభంలో ఈజిప్టుకు మిగిలింది సున్నా. ఇస్మాయిల్‌ను అంతకు ఏడాది ముందే గద్దె దింపేశారు.

లెసెప్స్ దీన్ని ఎలా తీసుకున్నాడు? ముఖాన చిరునవ్వుతో స్వాగతించాడు. బ్రిటన్ భాగస్వామి అయితే శత్రువు కాదనుకున్నాడు. కంపెనీ నియమాల ప్రకారం ఎన్ని వాటాలున్నా ఒక వాటాదారుకు పది ఓట్లే. కాబట్టి తన పెత్తనానికి ఢోకా లేదు. బ్రిటన్ తరఫున ముగ్గురు డైరెక్టర్లు వచ్చి కూర్చున్నారు. తర్వాత 1883లో, సుంకాలు ఎక్కువయ్యాయని బ్రిటిష్ ఓడల యజమానులు తిరగబడి, ఇంకో కాలువ తవ్వుకుంటామని బెదిరిస్తే మరో ఏడుగురిని చేర్చుకోక తప్పలేదు. ముప్పై రెండు మందిలో పది మంది. అప్పటికి కాలువలో తిరిగే ఓడల్లో మూడొంతులు పైగా వాళ్ళవే మరి.

కానీ పది ఓట్ల నియమం తుపాకీకి వర్తించదని 1882లోనే తేలిపోయింది. అప్పుల పేరుతో పరాయివాళ్ళు పెత్తనం చేయడం సహించలేక కల్నల్ అహ్మద్ ఉరాబీ తిరుగుబాటు చేశాడు. బ్రిటిష్ సైన్యం దిగింది. కాలువను మట్టితో పూడ్చేస్తే శత్రువు రాలేడని ఉరాబీ మనుషులకు తెలుసు. డెబ్బై ఆరేళ్ళ లెసెప్స్ స్వయంగా వెళ్ళి, కాలువ తటస్థమైనది, దాన్ని ముట్టుకోకండి, బ్రిటిష్‌వాళ్ళూ ముట్టుకోరు అని నచ్చజెప్పాడు. ఉరాబీ ఆ మాట నమ్మి తాత్సారం చేశాడు. ఆగస్టు 20న బ్రిటిష్ నౌకాదళం కాలువను ఆక్రమించి, ఇస్మాయిలియాలో సైన్యాన్ని దించింది. సెప్టెంబర్ 13న తెల్ అల్ కబీర్ దగ్గర ఉరాబీ ఓడిపోయాడు. ఆ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన భారతదేశం నుంచి తెచ్చిన పటాలాలూ ఉన్నాయి. లెసెప్స్ నిరసన తెలిపాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నిజాయితీని నేను శంకించను. మోసం చేసింది ఆయన కాదు. కానీ మోసపోయిన తన నమ్మకాన్ని ఇంకొకరి చేత కూడా నమ్మించాడు, దాని ఖరీదు ఉరాబీ దేశం కట్టింది. అలా వచ్చిన బ్రిటిష్ సైన్యంలో చివరి సిపాయి కాలువ గట్టు వదిలింది 1956 జూన్ 13న. యానాంలో ఫ్రెంచి జెండా దిగిన తేదీ కూడా జూన్ 13 కావడం యాదృచ్ఛికమే, అయినా మా ఊరివాళ్ళకు కంటబడక మానదు.

1888 అక్టోబర్ 29న కాన్‌స్టాంటినోపుల్‌లో ఒప్పందం కుదిరింది. యుద్ధంలోనూ శాంతిలోనూ అన్ని దేశాల ఓడలకూ కాలువ తెరిచే ఉండాలి. లెసెప్స్ మొదటినుంచీ చెప్పిందే కాగితం ఎక్కింది, కాపలాకు మాత్రం బ్రిటన్ కూర్చుంది.

ఇక పనామా. సూయజ్ గెలుపు తలకెక్కింది. 1879లో ప్యారిస్‌లో పెట్టిన సభలో, డెబ్బై మూడేళ్ళ లెసెప్స్ అమెరికా ఖండాల నడుమ కూడా లాకులు లేని కాలువే కావాలని పట్టుబట్టాడు. కొండలూ, వానొస్తే పొంగే చాగ్రెస్ నదీ ఉన్నచోట నీటిని చెరువులా నిలబెట్టి లాకులతో ఓడలను ఎక్కించి దింపాలని లెపినే అనే ఇంజనీరు అదే సభలో చెప్పాడు. వినలేదు. ధవళేశ్వరం దగ్గర పడవ లాకులోకి వెళ్ళడం, తలుపు మూయడం, నీళ్ళు నింపడం, పడవ మెల్లగా పైకి లేవడం చూసిన గోదావరి పిల్లవాడికి కూడా అర్థమయ్యే సంగతి. లెసెప్స్ కంటే రెండేళ్ళు పెద్దయిన కాటన్ దొర మన దగ్గర 1852 నాటికే ఆనకట్ట పూర్తి చేశాడు. ఎడారిలో పనికొచ్చిన కొలత కొండలో పనికిరాదని చెప్పేవాళ్ళు లెసెప్స్ చుట్టూ ఉన్నారు. వినే చెవి లేకపోయింది.

కొండచరియలు తవ్విన చోటే తిరిగి పడేవి. పచ్చజ్వరం, మలేరియా. దోమ వల్ల వస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు, ఆ గిన్నెల్లోనే దోమలు పెరిగేవి. ఇరవై వేల మందికి పైగా పోయారని అంచనా, ఎక్కువమంది జమైకా వంటి దీవుల నల్లజాతి కూలీలు. 1887లో లాకులకు ఒప్పుకున్నాడు, ఐఫెల్‌కు పని అప్పగించాడు. అప్పటికే ఆలస్యమైంది. 1889 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. దాదాపు ఎనిమిది లక్షల మంది చిన్న మదుపుదార్లు మునిగిపోయారు. సూయజ్‌లో లాభం చూసినవాళ్ళే, ఆ పేరు మీద నమ్మకంతో, కూతుళ్ళ కట్నాల డబ్బు, ముసలితనం డబ్బు తెచ్చి పెట్టినవాళ్ళు. లాటరీ బాండ్ల చట్టం కోసం పార్లమెంటు సభ్యులకు లంచాలు ముట్టాయని 1892లో బయటపడింది. మరుసటేడు ఫిబ్రవరిలో తండ్రికీ, కొడుకు చార్లెస్‌కూ ఐదేళ్ళ చొప్పున శిక్ష పడింది. గడువు దాటిన కేసని పై కోర్టు కొట్టేసింది. చార్లెస్ లంచం కేసులో జైలు మాత్రం అనుభవించాడు.

ఎనభై ఏడేళ్ళ తండ్రికి ఈ శిక్ష సంగతి ఇంట్లోవాళ్ళు తెలియనివ్వలేదు. మొదటి కాలువ కబురు అందుకున్న ఆ పాత బంగళాలోనే, 1894 డిసెంబర్ 7న ప్రాణం వదిలాడు. కుటుంబం చేతిలో డబ్బు లేదు, సూయజ్ కంపెనీయే ఆదుకుంది. పనామాలో వదిలేసిన పనిని తర్వాత అమెరికా ప్రభుత్వం నాలుగు కోట్ల డాలర్లకు కొని, లాకులతో కట్టి, 1914 ఆగస్టు 15న తెరిచింది. అక్కడ కంపెనీ వేషం కూడా అక్కర్లేకపోయింది, ప్రభుత్వమే నేరుగా యజమాని.

1899 నవంబర్ 17న పోర్ట్ సయ్యద్ రేవు మొగలో లెసెప్స్ విగ్రహం నిలబెట్టారు. చెయ్యి చాపి ఓడలను లోపలికి రమ్మంటున్నట్టు ఉండేది. యూరప్ నుంచి పుదుచ్చేరికీ మద్రాసుకూ వచ్చిన వాళ్ళందరూ ఆ చెయ్యి కిందుగా వచ్చినవాళ్ళే. 1956 డిసెంబర్‌లో, ఫ్రెంచి, బ్రిటిష్ సైన్యాలు ఓడలెక్కి వెళ్ళిపోయిన ఒకటి రెండు రోజులకే, పోర్ట్ సయ్యద్ జనం ఆ విగ్రహాన్ని మందుగుండుతో పేల్చేశారు. దిమ్మె మిగిలింది. మన గోదావరి ఊళ్ళలో కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తారు. ఇద్దరూ తెల్లవాళ్ళే, ఇద్దరూ పరాయి దొరతనాల నీడన కాలువలు తవ్వించినవాళ్ళే. కాటన్ కాలువ వల్ల కూడా సర్కారుకు శిస్తు బాగానే పెరిగింది. కాకపోతే ఆ నీళ్ళు ఇక్కడి చేలోకి వెళ్ళాయి. సూయజ్‌లో ఉప్పునీళ్ళు, వాటి మీద ఇంకెవరివో ఓడలు.

యానాంలో 1962 తర్వాత ఆరు నెలల గడువు ఇచ్చారు, ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకున్నవాళ్ళు రాసివ్వమని. కొందరు రాసిచ్చారు, ఎక్కువమంది ఇవ్వలేదు. ఒకే ఇంట్లో అన్న అటు, తమ్ముడు ఇటు అయిన కుటుంబాలూ లేకపోలేదు.

నాసర్ తీసుకోకపోయి ఉంటే లెసెప్స్ పుచ్చుకున్న కౌలు 1968 నవంబర్ 17న దానంతటదే ముగిసి, కాలువ ఈజిప్టుకు దఖలు కావలసింది. ఆ తేదీన కాలువలో ఒక్క ఓడ కూడా కదలలేదు. 1967 జూన్ యుద్ధంలో మూతపడిన కాలువ 1975 వరకు తెరుచుకోలేదు. ఆ ఎనిమిదేళ్ళూ మన దేశపు సరుకు ఓడలు మళ్ళీ ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి. యుద్ధం మొదలైన రోజు లోపల చిక్కుకున్న పదిహేను ఓడలు ఎటూ పోలేక, ఎడారి ఇసుక పేరుకుని పసుపు రంగుకు తిరిగి అక్కడే ఉండిపోయాయి. వాటిలో ఒకటి ఫ్రెంచి ఓడ. దాని పేరు సింధ్.